హెవీ లైసెన్సు వచ్చాక తొలి లోడు: నా అనుభవం

లైసెన్సు సంగతి త్వరగా ముగిస్తాను. లైటు మోటారు లైసెన్సు తీసుకుని ఏడాది దాటితే గానీ రవాణా వాహనానికి దరఖాస్తు చేయనివ్వరు కనుక, ఆ ఏడాదంతా మా ఊరి సీనియర్ డ్రైవరు అన్న దగ్గర క్లీనరుగా తిరిగాను. లోడు మీద టార్పాలిన్ పట్టా కప్పడం, తాళ్ళు బిగించడం, టైరును రాడ్డుతో తట్టి గాలి తెలుసుకోవడం ఆయనే నేర్పారు. డ్రైవింగు స్కూలువారు శిక్షణ పూర్తయిందని చెప్పే ఫారం 5 ఇచ్చి డబ్బు పుచ్చుకున్నారే తప్ప, నిండు లోడుతో ఉన్న బండి ఎంత దూరంలో ఆగుతుందో ఒక్కనాడూ చూపించలేదు. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారి ఎదుట పరీక్ష ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది.

తొలి లోడు విజయవాడ ఆటోనగర్ నుంచి మేడ్చల్ అవతల ఉన్న ఒక గోడౌనుకు బిస్కెట్ల పెట్టెలు. శుక్రవారం సాయంత్రం బయలుదేరి, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు దాటి, ఔటర్ రింగు రోడ్డు మీదుగా శనివారం ఉదయానికి చేరుకున్నాను. సూర్యాపేట దగ్గర వాన పడింది.

అసలు కష్టం గోడౌను గేటు దగ్గర మొదలైంది. చెప్పులతో లోపలికి రాకూడదని, సేఫ్టీ బూట్లు ఉంటేనే టోకెన్ ఇస్తామని సెక్యూరిటీ అతను చెప్పాడు. ఆ బూట్లు ఎదురుగా ఉన్న టీకొట్టులో అద్దెకు దొరుకుతాయట! ఎందరో డ్రైవర్లు తొడిగి విడిచిన బూట్లు అవి. లోపల చెమట ఇంకా ఆరలేదు, ఎడమ బూటుకు లేసు బదులు గోనె పురికొస కట్టి ఉంది. అవే వేసుకుని టోకెన్ తీసుకుంటే, ఆ రోజు దించడం కుదరదని, ఆదివారం సెలవని, సోమవారం పిలుస్తామని అన్నారు. మంచినీళ్ళు అడిగితే కుళాయి స్టాఫు కోసమన్నారు. మరుగుదొడ్డి అడిగితే రోడ్డవతలి తుప్పలు చూపించారు. నాకంటే చిన్నవాడైన సూపర్‌వైజరు నన్ను "ఏయ్ లారీ" అని పిలిచాడు. నేను మాత్రం అతణ్ణి సార్ అనే పిలవవలసి వచ్చింది. కోట్ల విలువైన సరుకును మాకు అప్పగించే కంపెనీలు మాకొక బెంచీ వేయలేకపోవడం ఏ పాటి మర్యాదో వారే చెప్పాలి.

ఈలోగా మరొక చిక్కు వచ్చింది. సరుకు రవాణాకు బండితో ఉండవలసిన జీఎస్టీ ఆన్‌లైన్ పత్రమైన ఈ-వే బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. విజయవాడ నుంచి వచ్చిన నాకు రెండు రోజులే దక్కాయి కనుక అది ఆదివారం అర్ధరాత్రితో తీరిపోతుంది. గడువు తీరిన బిల్లుతో అధికారులకు దొరికితే పన్నుకు రెండింతల జరిమానా పడవచ్చు. గడువుకు ముందు 8 గంటలు, తరువాత 8 గంటలు మాత్రమే పొడిగించుకునే వీలుంటుంది కాబట్టి, నిద్రపోతున్న ట్రాన్స్‌పోర్టు గుమాస్తా గారిని ఫోన్లో లేపి ఆ పని చేయించాను. విసుక్కున్నారు, కానీ చేశారు.

సోమవారం పిలుపు రాగానే, పది టైర్ల బండిని రెండు బండ్ల మధ్య సందులోకి ఒకే రివర్సులో ప్లాట్‌ఫారానికి ఆనించాను. చూస్తున్న హమాలీలు కూడా మెచ్చుకున్నారని రాసుకోవడానికి నాకు మొహమాటం లేదు. సరుకు దిగాక సూపర్‌వైజరు ఎల్లార్ (లోడుతో పాటు వచ్చే లారీ రసీదు) మీద "సరుకు తడిసినది" అని రాయబోయాడు. పట్టా అంచు నుంచి కారిన నీటికి కొన్ని పెట్టెల పైఅట్ట మాత్రమే చెమ్మగిల్లింది, లోపలి ప్యాకెట్లు పొడిగానే ఉన్నాయి. ఆ రెండు మాటలు ఎల్లార్ మీద అలాగే పడితే మొత్తం లోడుకు కిరాయిలో కోత పడుతుంది. అందుకని పెట్టెలు విప్పించి, ఫోటోలు తీసి, ఎన్ని పెట్టెలో అంకె వేసి, పైఅట్ట మాత్రమే అని రాస్తేనే బండి కదులుతుందని నిలబడ్డాను. వెనక బండ్లవాళ్ళు హారన్లు మోగించారు, సూపర్‌వైజరు తిట్టాడు. చివరికి నేనడిగినట్టే రాసి, సీలు వేసి, సంతకం పెట్టాడు.

కొత్తగా వచ్చే తమ్ముళ్ళు ముందుగా సొంత బూట్లు కొనుక్కోండి. సీలు, సంతకం లేని ఎల్లార్‌తో ఏ గేటూ దాటకండి. అది లేకపోతే మిగిలిన కిరాయి చేతికి రాదు.

మా ఓనరు గారు ఎల్లార్ చూసి బత్తా పూర్తిగా ఇచ్చారు. గేటు బయట పడి ఉన్నందుకు రావలసిన హాల్టింగు డబ్బులను మాత్రం ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఇంతవరకు తేల్చలేదు. తదుపరి లోడుకు బండి పెట్టే ముందే ఆ లెక్క రాయించుకుంటానని గుమాస్తా గారికి చెప్పి వచ్చాను.