బిళ్లను వదిలేసి బెంచీని చూడు

మే నెల, శనివారం. కర్నూలు. ఎండ 42. రాత్రికి ఐస్ హాకీ ప్రపంచ పోటీ మ్యాచ్ ఉంది.

రాజ్‌విహార్ సెంటర్లో నన్నారి షర్బత్ బండి మీద, ఊకలో పెట్టిన ఐస్ గడ్డ. గోనెసంచి తీస్తే అంచులు అద్దంలా ఉన్నాయి, నడుమ మాత్రం పొగ చూరినట్టు తెలుపు. ఫ్యాక్టరీలో డబ్బాలకు నీళ్లు నింపి ఉప్పునీళ్ల తొట్టిలో దించుతారు కదా, చలి అన్ని వైపుల నుంచీ లోపలికి పాకుతూ నీళ్లలోని గాలినీ లవణాలనూ మధ్యకు తోస్తుంది. అవి బయటికి పోయే దారి లేక అక్కడే చిక్కుకుని తెల్లబడతాయి.

ఐస్ హాకీ ఆడే మంచు మైదానం, అదే రింకు, కూడా ఈ గడ్డకు చుట్టమే. కాంక్రీటు పలకలో కిలోమీటర్ల పొడవున పైపులు, వాటిలో తిరిగేది ఉప్పునీళ్లో, గ్లైకాల్ అనే తేలిగ్గా గడ్డకట్టని ద్రవమో. తేడా ఏమిటంటే, రింకులో నీళ్లు ఒక్కసారిగా నింపరు. పలచగా చల్లుతారు, గడ్డకట్టాక మళ్లీ చల్లుతారు. తెల్లరంగు వేసి, ఎర్రగీతలూ నీలిగీతలూ గీసి, వాటి మీద మళ్లీ చల్లుతారు. ఇంత చేసినా మొత్తం మందం ఒకటి, ఒకటిన్నర అంగుళమే. ఇంకా మందమైతే కింది చల్లదనం పైకి సరిగా అందక పైపొర మెత్తబడుతుంది. హాకీకి మంచు మైనస్ 5 డిగ్రీల దగ్గర ఉండాలి. ఫిగర్ స్కేటింగ్ వాళ్లకు దానికన్నా కొంచెం మెత్తనిది కావాలి, ఎగిరి దిగినప్పుడు బ్లేడు దిగబడాలి కాబట్టి.

ఆటలో ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు. వాటి మధ్య ఒక బండి వచ్చి మంచును చెక్కి, కడిగి, వెనక తడిగుడ్డతో వేణ్ణీళ్లు పరుచుకుంటూ పోతుంది. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ 1949లో తయారుచేసిన బండి అది. గడ్డ మీద వేడినీళ్లేమిటని అనిపిస్తుంది. వేడినీళ్లలో కరిగి ఉండే గాలి తక్కువ, పైగా అవి పాత మంచు పైపొరను కాస్త కరిగించి దాంతో ఒకటైపోతాయి. చన్నీళ్లు పోస్తే పొర అతకదు, పెచ్చులు లేస్తుంది. ఇరవై నిమిషాల ఆట చివరికొచ్చేసరికి బ్లేడ్లు గీరిన పొడి పేరుకుని పక్, అంటే ఆడే బిళ్ల, నెమ్మదిస్తుంది, ఎగిరెగిరి పడుతుంది. అందుకే పీరియడ్ ఆఖరి ఐదు నిమిషాల్లో తెలిసిన జట్టేదీ అందమైన పాసుల జోలికి పోదు. రింకు చుట్టూ ఉండే బోర్డుల గోడకు కొట్టి ముందుకు తోసేస్తుంది.

షర్బత్ బండి అతను ఈ ఆట ఫోన్లో ఎప్పుడో చూశాడట. "అన్నా, ఆ చెండు యాడుందో కనపడనే కనపడదు కదన్నా?"

న్యాయమైన ఫిర్యాదే. అది చెండు కాదు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల రబ్బరు బిళ్ల. ఎగరకుండా ఉండాలని ఆటకు ముందు ఫ్రీజర్లో పెట్టి గట్టిపరుస్తారు. దాన్ని కంటితో వెంబడించాలని చూసినవాళ్లు పది నిమిషాల్లో టీవీ కట్టేస్తారు. చూడాల్సింది బెంచీని, వంతు కోసం ఆటగాళ్లు కూర్చునే చోటును.

మంచు మీద ఒక్కో వైపు ఆరుగురు: గోలు కాసే గోలీ, ఇద్దరు డిఫెన్స్, ముగ్గురు ఫార్వర్డ్‌లు. గోలీ తప్ప మిగతా ఐదుగురూ నలభై, నలభై ఐదు సెకన్లకోసారి మారుతుంటారు. ఆట ఆగక్కర్లేదు. నిమిషం దాటిందంటే తొడలు మండిపోతాయి. మూడు మిల్లీమీటర్ల బ్లేడుకు నడుమ గాడి, ఆ గాడికి అటొకటి ఇటొకటి రెండు అంచులు. కాళ్లలో సత్తువ పోతే ఆ అంచు మంచును పట్టదు, మలుపులో మనిషి వెడల్పుగా పోతాడు, ఎదుటివాడికి దారి దొరుకుతుంది. బయటికొచ్చేవాడు బెంచీకి మీటరున్నర లోపలికి రాకముందే కొత్తవాడు దిగి ఆటలో కలిశాడా, మనుషులు ఎక్కువైనందుకు రెండు నిమిషాల శిక్ష. ప్రపంచ పోటీల్లో కూడా ఈ చిన్నపిల్లల తప్పు జరుగుతూనే ఉంటుంది.

అసలు తమాషా రెండో పీరియడ్‌లో. మొదటి, మూడో పీరియడ్‌లలో సొంత గోలు వైపే సొంత బెంచీ ఉంటుంది. అలసిన డిఫెన్స్ నాలుగు తోపులు తోస్తే బెంచీ అందుతుంది. రెండో పీరియడ్‌లో జట్లు వైపులు మారతాయి, బెంచీలు మారవు. అప్పుడు గోలు ముందు ఇరుక్కున్న ఐదుగురు మారాలంటే మధ్యగీత దాటి పోవాలి. పోలేరు. నిమిషం, నిమిషంన్నర అక్కడే ఉడికిపోతారు. బతికితే చాలని పక్‌ను తమ సగంలోంచి ఆ చివరికంటా కొట్టేస్తే అది ఐసింగ్. ఇద్దరి మధ్య బిళ్ల వేసి ఆట మళ్లీ మొదలుపెట్టే ఫేసాఫ్ తమ గోలు పక్కనే, పైగా ఐసింగ్ చేసిన జట్టుకు మనుషుల్ని మార్చుకునే హక్కు లేదు. ఎదుటి జట్టు మాత్రం తాజా కాళ్లను దింపుతుంది. ఇది తెలిసి చూస్తే బిళ్ల కనపడకపోయినా గోల్ రాబోతోందని ముందే తెలుస్తుంది.

ఒక గోలు వెనకబడి రెండు నిమిషాలే మిగిలితే గోలీని బయటికి పిలిచి ఆరో ఆటగాణ్ని దింపుతారు. ఒక గోలు తేడాతో ఓడినా రెండింటితో ఓడినా ఒకటే కదా, లెక్క అంతవరకే. 1980 ఫిబ్రవరి 22న లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టు అమెరికా కాలేజీ కుర్రాళ్ల చేతిలో 4-3తో ఓడిన రోజు సోవియట్ కోచ్ తిఖనోవ్ ఈ పని చేయలేదు. మొదటి పీరియడ్ అవ్వగానే మేటి గోలీ ట్రెత్యాక్‌ను తీసేశాడని అందరూ ఆయన్ను తిడతారు. నాకు మాత్రం ఆఖరి నిమిషంలో గోలీ గోలు దగ్గరే నిలబడి ఉండటం పెద్ద తప్పుగా కనిపిస్తుంది. ఆ మ్యాచ్ ఫైనల్ అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది. కాదు. రెండు రోజుల తర్వాత ఫిన్లాండ్‌ను 4-2తో గెలిచాకే అమెరికాకు స్వర్ణం ఖాయమైంది.

ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఆడితే బలమైన జట్టే గెలుస్తుంది. ప్రపంచ పోటీలో, ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ ఒక్క మ్యాచ్, అందుకే చిన్న దేశాలకు ఆశ. 2002 ఒలింపిక్స్‌లో బెలారుస్ ఆటగాడు కోపాట్ దూరం నుంచి కొట్టిన బిళ్ల స్వీడన్ గోలీ సాలో ముసుగుకు తగిలి, ఎగిరి వెనకపడి లోపలికి దొర్లింది. 4-3, స్వీడన్ ఇంటికి. 2025 ప్రపంచ పోటీలో డెన్మార్క్ చివరి మూడు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి, పెద్ద తార క్రాస్బీ ఉన్న కెనడాను 2-1తో పంపించేసింది. 2023లో లాత్వియా అమెరికాను ఓవర్‌టైమ్‌లో 4-3తో ఓడించి కాంస్యం తెచ్చుకుంటే, వాళ్ల పార్లమెంటు అర్ధరాత్రి కూర్చుని మర్నాడు సెలవు ప్రకటించింది. విడిపోకముందు మన కర్నూలు జిల్లా జనాభా 2011 లెక్కల్లో నలభై లక్షలు. లాత్వియా మొత్తం కలిపినా ఇరవై లక్షలు లేరు.

స్కోరు సమానమైతే ఆడించే అదనపు సమయం, ఆ ఓవర్‌టైమ్ దగ్గరే నా గొడవ. అంతర్జాతీయ పోటీల్లో ఫైనల్‌ను కూడా ముగ్గురు ముగ్గురితో తేలుస్తున్నారు. అరవై నిమిషాలు ఐదుగురు కలిసి కట్టిన గోడను పడగొట్టి, ఖాళీ మైదానంలో పరుగుపందెం పెట్టడం. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ 2024 ఫైనల్‌లో చెక్ చేతిలో 0-2తో ఓడిన స్విట్జర్లాండ్, 2025లో అమెరికాను అరవై నిమిషాలు గోల్ కొట్టనివ్వకుండా ఆపింది. ఓవర్‌టైమ్ మొదలైన రెండు నిమిషాలకు టేజ్ థాంప్సన్ కొట్టిన ఒక్క షాట్‌తో అయిపోయింది. ఒలింపిక్స్‌తో కలపకుండా విడిగా జరిగిన ప్రపంచ పోటీల్లో 1933 తర్వాత అమెరికాకు ఆ టైటిల్ అదే. స్విస్ వాళ్లు వరసగా రెండు ఫైనళ్లలో ఒక్క గోలూ కొట్టలేకపోయారన్నదీ నిజమే, అది ముగ్గురి ఆట తప్పు కాదు.

మన దేశంలో ఈ ఆట అంటే దాదాపు లద్దాఖే. శీతాకాలం రాత్రిళ్లు నీళ్లు పోసి పొరపొరగా గడ్డకట్టించిన చెరువుల మీద నేర్చుకున్న అమ్మాయిలు 2025లో ఆసియా కప్ కాంస్యం తెచ్చారు. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన పెద్ద రింకు ఏళ్ల తరబడి మూతపడి ఉండింది. రింకు కట్టడం ఒక ఖర్చు, రోజూ మైనస్ 5లో ఉంచడం ఇంకో ఖర్చు.

ఇవాళ్టి మ్యాచ్ యూరప్‌లో, అక్కడ రాత్రి 8:20కి, మనకు 11:50. గడియారం ఆగుతూ సాగే ఇరవై నిమిషాల పీరియడ్‌కు నిజంగా నలభై నిమిషాలు పడుతుంది, ఆపైన పదిహేను నిమిషాల విరామం. నిద్ర ఆగనివాళ్లు మొదటి పీరియడ్ వదిలేసి, 12:40కి అలారం పెట్టుకుంటే రెండోది మొదటినుంచీ దొరుకుతుంది.