రెడింగ్ నుంచి ఫ్రిస్కో వచ్చాక పిల్లల మాట

ఇంగ్లండులో పుట్టిన పిల్లల్ని అమెరికా తీసుకొస్తుంటే, "భాష గురించి మీకు బెంగ లేదు, రెండు చోట్లా ఇంగ్లీషేగా" అన్నారు చుట్టాలంతా. పెద్దవాళ్ల లెక్కలో అది నిజమే. పిల్లల లెక్కలో భాష అంటే బడిలో పక్కన కూర్చున్న పిల్ల మాట్లాడేది. లండన్‌కి పడమరగా ఉన్న రెడింగ్ నుంచి డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోకి మేం మారినప్పుడు మా అబ్బాయికి పదేళ్లు, అమ్మాయికి ఆరు. మాటలు వచ్చినప్పటి నుంచీ ఇంగ్లీషు మాట్లాడుతున్నవాళ్లే. అయినా కొత్త క్లాసులో మొదటి వారాలన్నీ చెవులు రిక్కించుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ముందుగా తగిలినవి మాటలు. ఇంగ్లండులో ప్యాంట్స్ అంటే లోదుస్తులు, పైన వేసుకునేవి ట్రౌజర్స్. ఫీల్డ్ ట్రిప్‌కి లాంగ్ ప్యాంట్స్ వేసుకు రమ్మని ఇక్కడి టీచరు చెబితే మా అమ్మాయి నవ్వాపుకోలేక అవస్థ పడింది. పెన్సిలు గీత చెరిపే రబ్బరును ఇక్కడ ఇరేజర్ అనాలి. రబ్బర్ అంటే పెద్దవాళ్ల అర్థం ఒకటుంది కాబట్టి ఆ ఒక్క మాట మాత్రం బడి మొదలవకముందే ఇద్దరికీ చెప్పాను. చిప్స్ అడిగితే వేడి బంగాళాదుంప ముక్కలు రావు, పొట్లంలోవి వస్తాయి. ఫస్ట్ ఫ్లోర్ అంటే అక్కడ మెట్లెక్కాలి, ఇక్కడ నేల మీదే ఉంటుంది. అక్షరాల పాట చివర జెడ్ పోయి జీ వచ్చింది. తేదీలో నెల ముందుకొచ్చింది.

ఇలాంటివి రెండు మూడు నెలల్లో పిల్లలే సర్దుకుంటారు. తల్లిదండ్రులు పట్టించుకోవాల్సినవి పైకి కనిపించనివి. బ్రిటిష్ బళ్లలో రివైజ్ అంటే పరీక్షకి మళ్లీ చదువుకోవడం. అమెరికాలో ఆ మాట ఎక్కువగా రాసినదాన్ని దిద్ది తిరిగి రాయడానికి వాడతారు. వ్యాసం రివైజ్ చేసుకు రమ్మంటే మా అబ్బాయి దాన్ని శ్రద్ధగా నాలుగుసార్లు చదువుకుని వెళ్లాడు. పనే చెయ్యలేదనుకున్నారు టీచరు. క్వైట్ గుడ్ అని రాస్తే ఇంగ్లండులో "పర్వాలేదు" అన్నట్టు, ఇక్కడ "చాలా బాగుంది" అన్నట్టు. పలకరింపులోనూ ఇదే చిక్కు. యూ ఆల్‌రైట్ అని రెడింగ్‌లో దారిన పోయేవాళ్లూ అంటారు, అది వట్టి హలో. ఇక్కడ వాడు తోటి పిల్లల్ని అలా పలకరిస్తే, నాకేమైందని అడుగుతున్నావని ఎదురు ప్రశ్న వచ్చింది. కొత్తగా వచ్చిన పిల్లవాడు నలుగురితో కలవడానికి ముందుకు వేసే మొదటి అడుగు ఆ పలకరింపే. అది తప్పిపోతే వాడికి ఎంత ఒంటరిగా ఉంటుందో నేను దగ్గరగా చూశాను. అందుకే ఇటు వచ్చే కుటుంబాలకు చెబుతాను, పదాల జాబితాలు పక్కన పెట్టి ముందు టీచరుతో మాట్లాడమని. ఈ పిల్లవాడికి ఇంగ్లీషు వచ్చు, అది వేరే దేశపు బడి ఇంగ్లీషు అని ఆమెకు తెలిస్తే చాలా దారులు తెరుచుకుంటాయి.

టెక్సస్‌లో నాకు బాగా నచ్చింది పెద్దవాళ్లకు యెస్ మేమ్, యెస్ సర్ అనే అలవాటు. ఇంగ్లండు బళ్లలో టీచర్లను మిస్, సర్ అని పిలుస్తారు కానీ, బడి గేటు దాటితే ఆ మర్యాద అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ కొట్లో బిల్లు వేసే అబ్బాయి కూడా నన్ను మేమ్ అంటాడు. ఇంట్లో గారు, అండీ వింటూ పెరిగిన పిల్లలకు ఇది ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

ఇంకో సంగతి మాకు ఇక్కడికి వచ్చాకే తట్టింది. మన తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలు చాలావరకు దొరల కాలంలో వచ్చినవి. పెట్రోలు, లిఫ్టు, టార్చి, బిస్కత్తు, కారు బానెట్టు, స్కూల్లో రబ్బరు. రెడింగ్‌లో ఉన్నప్పుడు అమ్మమ్మ మాటా బడి మాటా ఈ పదాల దగ్గర కలిసేవి. విజయనగరం నుంచి ఫోన్లో మా అమ్మ "పెట్రోలు రేటు పెరిగిందే గుంటా" అంటే పిల్లలకి అది వాళ్ల ఊరి మాటే. ఫ్రిస్కో బడిలో ఆ మాట గ్యాస్ అయింది, లిఫ్టు ఎలివేటర్ అయింది, టార్చి ఫ్లాష్‌లైట్ అయింది. పిల్లలు ఇంటికొచ్చి తెలుగు మాట్లాడుతున్నప్పుడు మాత్రం పాత మాటలు అలాగే ఉన్నాయి. వాళ్ల బ్రిటిష్ ఇంగ్లీషులో కొంత భాగం మా ఇంటి తెలుగు వల్లే నిలబడిందని నేను నమ్ముతాను.

పలుకు సంగతి వేరు. జాక్ చాంబర్స్ అనే కెనడా భాషాశాస్త్రవేత్త 1980లలో కెనడా నుంచి దక్షిణ ఇంగ్లండు వెళ్లిన రెండు కుటుంబాల్లోని ఆరుగురు పిల్లల మాటను గమనించి 1992లో ఒక వ్యాసం రాశారు. కొత్త చోటి పదాలు త్వరగా పట్టుబడతాయి, పలుకు వెనక నడుస్తుంది, చిన్నవాళ్లకు ఎక్కువ అబ్బుతుంది, పెద్దవుతున్న కొద్దీ తగ్గుతుంది. మా ఇంట్లో జరిగిందీ అదే. చలికాలం వచ్చేసరికి అమ్మాయి నోట బాత్, గ్రాస్ అనే మాటల్లోని దీర్ఘం పోయి, నోరు వెడల్పు చేసి పలికే పొట్టి అచ్చు వచ్చింది. ఇంగ్లండులోనే ఉత్తరాన మాంచెస్టర్, లీడ్స్ వైపు కూడా పొట్టి అచ్చే, దీర్ఘం దక్షిణాది అలవాటు. వాటర్‌లోని టకారం డకారంలా మెత్తబడి వాడర్ అయింది. అబ్బాయికి గ్యాస్, ట్రాష్, సైడ్‌వాక్ అన్నీ వచ్చేశాయి, చాలాకాలం వాటిని రెడింగ్ పలుకుతోనే అనేవాడు. ఇప్పుడు వాడు బడిలో ఒకలా, రెడింగ్‌లోని పాత స్నేహితులతో ఆన్‌లైన్లో ఆడేటప్పుడు ఇంకోలా మాట్లాడతాడు. బ్రవ్, ఇన్నిట్ లాంటి అక్కడి కుర్రకారు మాటలన్నీ అప్పుడు బయటికొస్తాయి. తలుపు అవతల నుంచి వింటే ఎవరితో మాట్లాడుతున్నాడో నాకు తెలిసిపోతుంది.

అది నటన కాదా, ఏదో ఒకటి ఉండాలి కదా అని మా బంధువు ఒకావిడ అడిగారు. నేను ఒప్పుకోను. నేను విజయనగరంలో పెరిగాను, మా ఆయనది కరీంనగర్. మా ఇంట్లో యాస మార్చుకోవడం కొత్త సంగతి కాదు. ఆయన ఇంటర్ చదవడానికి విజయవాడ హాస్టల్‌కి వెళ్లినప్పుడు గట్ల, ఇట్ల అంటే గదిలో పిల్లలు నవ్వేవారట. నెల తిరిగేసరికి అవి ఆయన నోట్లోంచి మాయమయ్యాయి, సెలవులకి ఇంటికి బస్సెక్కితే మళ్లీ వచ్చేవి. తెలంగాణ మాటనీ మా ఉత్తరాంధ్ర మాటనీ తెలుగు సినిమాల్లో ఎన్నేళ్లు నవ్వించే పాత్రలకీ పనివాళ్లకీ అంటగట్టారో చూస్తూ పెరిగినవాళ్లం. యాస మారడం వల్ల మనిషికి నష్టమేమీ లేదు. నవ్వులకి భయపడి మార్చుకోవాల్సి రావడమే నష్టం. మా పిల్లల విషయంలో నేను కాపలా కాసేది ఆ భయాన్నే.

ఏ యాసకు ఎంత గౌరవం అన్నది ధ్వనిలో లేదు. ఇంగ్లీషులో రకారమే దానికి సాక్ష్యం. 17వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి జనం అమెరికాకి ఓడలెక్కినప్పుడు, కార్, ఫోర్ లాంటి మాటల చివరి రకారాన్ని ఇంగ్లండులో ఎక్కువమంది స్పష్టంగా పలికేవారు. లండన్ పరిసరాల్లో అది జారిపోవడం 18వ శతాబ్దం చివరికి బాగా కనిపిస్తుంది, తర్వాత అదే పెద్దింటి మాట అయింది. స్కాట్లండు, ఐర్లండు వాళ్లు ఇప్పటికీ పలుకుతారు. న్యూయార్క్‌లో కథ తిరగబడింది. విలియం లబోవ్ అనే అమెరికా భాషాశాస్త్రవేత్త 1962లో అక్కడి మూడు పెద్ద దుకాణాలకు వెళ్లి, నాలుగో అంతస్తులో దొరికే వస్తువు ఎక్కడుందని పనివాళ్లని అడిగారు. ఫోర్త్ ఫ్లోర్ అని జవాబు వస్తుంది కదా, అందులో రకారం రెండు చోట్ల ఉంది. ఖరీదైన దుకాణంలో దాన్ని ఎక్కువగా పలికారు, చౌక దుకాణంలో తక్కువగా. లండన్లో వదిలేస్తే గొప్ప, న్యూయార్క్‌లో పలికితే గొప్ప. ఈ సంగతి నేను మా అబ్బాయికి కూర్చోబెట్టి చెప్పాను. "అయితే ఎవరిది కరెక్ట్?" అన్నాడు. "నీ ఎదురుగా ఉన్నవాళ్లకి అర్థమైతే కరెక్టే నాన్నా" అన్నాను.

వాడికి అది చెప్పాల్సిన అవసరం ఎందుకు వచ్చిందంటే, అమెరికాలో బ్రిటిష్ పలుకుకి పెద్ద పీట వేస్తారు. బడిలో టీచర్లు మురిసిపోయారు. మన తెలుగు వాళ్ల భోజనాల్లో ఇంకా ఎక్కువ. "ఏదీ, ఆ బ్రిటిష్ యాసలో ఓ ముక్క చెప్పు బంగారం" అని ప్లేటు చేతిలో పట్టుకుని చుట్టూ నిలబడతారు. ప్రేమతోనే అడుగుతారు. కానీ వాడు నోరు మూసుకోవడం మొదలుపెట్టాడు. తన మామూలు మాటే నలుగురూ వినోదంగా వింటుంటే ఏ పిల్లవాడికైనా ముడుచుకుపోవాలనిపిస్తుంది. ఆ తర్వాత నుంచి మా ఇంటికి వచ్చేవాళ్లకి ముందే చెబుతున్నాను, పిల్లల్ని యాస కోసం మాట్లాడించొద్దని. ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. పిల్లవాడి మాట కంటే అది పెద్ద విషయం కాదు.

దీనికి రెండో వైపు ఉంది, అది ఇంకా సున్నితమైనది. కొడుకు మాటకు మురిసిన మనిషే, పక్కనున్న తల్లి మాట్లాడితే "మళ్లీ చెప్పండి" అంటాడు. డ్రైవ్ త్రూలో నేను వాటర్ అడిగితే స్పీకర్ అవతల అర్థం కాదు. వెనక సీట్లోంచి అమ్మాయి వాడర్ అంటుంది, పని అయిపోతుంది. మొదట్లో సాయం చేస్తోందనుకున్నాను. ఒకరోజు కిటికీ దించకముందే "అమ్మా, నువ్వుండు, నేను చెప్తా" అంది. ఎవరి గొంతుకి ఈ లోకంలో చెల్లుబాటు ఉందో ఆరేళ్ల పిల్ల లెక్కగట్టేసిందని అప్పుడర్థమైంది. ఆ రోజు నుంచి ఆర్డరు నేనే చెబుతాను. అవతలివాళ్లకి తెలియకపోతే రెండోసారి నిదానంగా, నా పలుకుతోనే చెబుతాను. పిల్ల ఓపిగ్గా వినాలి. తల్లి తడబడకుండా రెండోసారి అడగడం తను చూడాలని నా కోరిక. పిల్లలు మన ఇంగ్లీషు దిద్దినప్పుడు నవ్వి ఊరుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. నేను మాత్రం, "ఇది మీ అమ్మమ్మ ఊరి ఇంగ్లీషు, నీది ఫ్రిస్కోది" అని చెప్పే వదులుతాను.

తెలుగు మీద ఈ మార్పు ప్రభావం ఉంది. ఇంగ్లీషులో తకారం, టకారం మనలా వేరువేరుగా లేవు కాబట్టి ఇంగ్లండులోనే మా అమ్మాయి తాతని టాటా అనేది. టెక్సస్ వచ్చాక నాలుక వెనక్కి మడిచే రకారం తెలుగులోకి జొరబడింది. దానికి కరీంనగర్‌లో బాపమ్మ చేసిన వైద్యం, ఫోన్లో ఎర్ర లారీ తెల్ల లారీ అనిపించడం. గబగబా అంటే ఆ రకారం అడ్డం పడుతుంది, నాలుక ముందుకి రాక తప్పదు. ఆదివారం ఇద్దరు పెద్దవాళ్లూ వంతులవారీగా మాట్లాడతారు. ఒకవైపు "మంచిగున్నవా బిడ్డా, తిన్నవా?" అని, ఇంకోవైపు "ఏటే గుంటా, ఏటి సేస్తన్నావు?" అని. ఎవరి మాటకు వాళ్ల మాటలోనే జవాబివ్వడానికి పిల్ల ప్రయత్నిస్తుంది. ఆ నేర్పునీ, బడిలో చూపే నేర్పునీ నేను వేరుగా చూడను.

బడిలో చేర్చేటప్పుడు టెక్సస్‌లో హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక ఫారం ఇస్తారు. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారని అడుగుతుంది. ఇంగ్లీషు కాని భాష రాస్తే పిల్లలకి ఇంగ్లీషు పరీక్ష పెడతారు. ఆ పరీక్ష తప్పించడానికి ఇంగ్లీషు అని రాసెయ్యమని మాకు చాలామంది సలహా ఇచ్చారు. ఇంగ్లండులో పుట్టిన పిల్లలకి ఈ పరీక్షేమిటన్నది వాళ్ల బాధ. నేను రాస్తుంటే మా అబ్బాయి భుజం మీంచి చూస్తున్నాడు. తెలుగు అనే రాశాం. పరీక్ష పెట్టారు, ఇద్దరూ సులువుగా దాటారు. ఆగస్టులో పిల్లల్ని చేర్చబోయేవాళ్లు అడిగితే ఉన్నదే రాయమంటాను. పరీక్ష ఎందుకో పిల్లలకి ముందు రోజే చెప్పండి, లేకపోతే తమ ఇంగ్లీషులో ఏదో తప్పుందేమోనని భయపడతారు.