ఎర్ర గీత లేని చార్టు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పద్నాలుగేళ్లుగా గుమాస్తాని. టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పి, పైకాయ చూసి ధర చెప్పేవాడు మా దగ్గర రెండు రోజులు కూడా నిలవడు. పైన నిగనిగలాడే తేజ రకం, అడుగున రంగు పోయిన తాలుకాయ. ఇలాంటివి సీజన్‌లో రోజుకొకటైనా తగులుతాయి. బరువు కోసం నీళ్లు చిలకరించినవి సరేసరి. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగుకాయ లాగి, గుప్పిట్లో నలిపితే గలగలమనాలి. మెత్తగా ముడుచుకుందంటే తడి ఉన్నట్టే. ఆ చప్పుడులో తేడా నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అలాంటి నేను 2023 ఉగాది నాడు నలభై వేల రూపాయలు పెట్టి, ఇంకా ఎవరి పొలంలోనూ నాటని పంట కొన్నాను.

పంట పేరు ఆర్బ్. ఇథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ మీద లావాదేవీలు చవగ్గా, వేగంగా జరగడానికి ఆర్బిట్రమ్ అనే నెట్‌వర్క్ ఉంది. తమ టోకెన్, అంటే సొంత క్రిప్టో నాణెం, వస్తోందని, పాత వాడుకదారులకు ఉచితంగా పంచుతామని వాళ్లు ఆ ఏడాది మార్చి 16న ప్రకటించారు. వాటిని తీసుకునే (క్లెయిమ్) తేదీ మార్చి 23. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఆ నెట్‌వర్క్‌ను ముందు నుంచీ వాడుతున్నాడు, వాడికి 625 టోకెన్లు రాబోతున్నాయి. "ఊరికే వస్తున్నాయి మామయ్యా" అని ఫోన్‌లో నవ్వాడు. నాకు ఒక్కటీ రాదు. ఆ నవ్వు నాకు ఆ వారమంతా చెవిలో గింగుర్లాడింది. దీన్ని అసూయ అనుకోలేదు అప్పుడు, అవకాశం అనుకున్నాను.

నేను అప్పటికి ఒక టెలిగ్రామ్ గ్రూపులో ఉన్నాను. మూడు వేల మంది, అంతా తెలుగే. ఉగాది ముందు రాత్రి అందులో ఒక మెసేజ్ పిన్ చేశారు. ఆర్బ్ ఎర్లీ ఎంట్రీ అట. ఇప్పుడు ఐదు సెంట్లు, 23 తర్వాత డాలర్ దాటుతుంది. కింద ఒక కాంట్రాక్ట్ అడ్రస్, అంటే ఆ టోకెన్‌ను నడిపే ప్రోగ్రామ్ చిరునామా. బీఎన్‌బీ చైన్ అనే ఇంకో నెట్‌వర్క్‌లో ఫలానా చోట కొనుక్కోండి అని. ఆ కింద వందల కొద్దీ నిప్పు బొమ్మలు, రాకెట్ బొమ్మలు.

ఈ లోకం తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. మామూలు క్రిప్టో ఎక్స్ఛేంజ్ అంటే ఒక కంపెనీ ఉంటుంది, ఏ టోకెన్ అమ్మాలో వాళ్లు చూసి పెడతారు. డీసెంట్రలైజ్డ్ ఎక్స్ఛేంజ్‌లో అలా చూసేవాడు ఉండడు. 2018 నవంబరులో హేడెన్ ఆడమ్స్ తెచ్చిన యూనిస్వాప్ దగ్గర్నుంచీ దాని గొప్పతనమే అది: ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరైనా ఒక టోకెన్ తయారుచేసి, దానికి నచ్చిన పేరు, నచ్చిన బొమ్మ పెట్టుకుని, కొంత బీఎన్‌బీనో ఈథరో (ఆ నెట్‌వర్కుల సొంత నాణేలు) జోడించి పూల్ అనే ఉమ్మడి కుండలో పోస్తే చాలు, అమ్మకం మొదలైపోతుంది. పేరు మీద ఎవరికీ హక్కు లేదు. ఒకే పేరుతో వంద టోకెన్లు ఉండొచ్చు. తేడా తెలిసేది ఒక్క కాంట్రాక్ట్ అడ్రస్‌తోనే, సున్నా ఎక్స్ తర్వాత వచ్చే నలభై అక్షరాలతో. 2021లో కొందరు పరిశోధకులు యూనిస్వాప్‌లోని టోకెన్లను జల్లెడ పట్టి, పది వేలకు పైగా మోసపు టోకెన్లున్నాయని, అంటే ఇంచుమించు సగం అవేనని తేల్చారు. మా యార్డులో సగం టిక్కీలు తాలైతే గేటుకి తాళం వేసేవాళ్లు.

ఉగాది బుధవారం వచ్చింది. యార్డుకు సెలవు. పది గంటలకు పచ్చడి గిన్నె ముందు పెట్టుకుని ఆ అడ్రస్‌ను పాన్‌కేక్‌స్వాప్ అనే డీసెంట్రలైజ్డ్ ఎక్స్ఛేంజ్ పేజీలో పేస్ట్ చేశాను. నీలం రంగు బొమ్మతో ఆర్బ్ అని వచ్చింది. దాని కింద ఒక పసుపు పెట్టె. ఈ చైన్‌లో ఎవరైనా ఏ పేరుతోనైనా టోకెన్ తయారుచేయొచ్చు, ఉన్న టోకెన్లకు నకిలీలు కూడా చేయొచ్చు, అలాంటిది కొంటే తిరిగి అమ్ముకోలేకపోవచ్చు అని అందులో రాసి ఉంది. తర్వాత నాకు జరగబోయేదంతా ఆ మూడు ముక్కల్లోనే ఉంది. దాని కింద చిన్న గడి, పక్కన 'నాకు అర్థమైంది' అని. టిక్కు పెట్టాను. సిమ్ కార్డు కొన్నప్పుడు, బ్యాంకు యాప్ వేసుకున్నప్పుడు ఎన్ని టిక్కులు పెట్టలేదు!

"ఏమండీ, ముందు పచ్చడి తినండి, ఫోన్ ఎక్కడికీ పోదు" అంది మా ఆవిడ. ఒకటిన్నర బీఎన్‌బీ పెట్టాను, అదే నా నలభై వేలు. 9,400 టోకెన్లు వచ్చాయి.

సాయంత్రం గుళ్లో పంచాంగ శ్రవణం. నా రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో ఆ రోజు చెప్పే ఉంటారు, నాకు మాత్రం గుర్తు లేదు. స్తంభం పక్కన కూర్చుని చార్టు చూస్తున్నాను. పదకొండు సెంట్లు. పంతులుగారు వర్షాల దగ్గరికి వచ్చేసరికి పదమూడు. అన్నీ పచ్చ గీతలే. ఒక్క ఎర్ర గీత లేదు. ఎంత గట్టి టోకెనో, ఎవడూ అమ్మడం లేదు అనుకున్నాను. నాకు ఎరుపంటే మంచి కాయ, ఎండిన కాయ. ఆ చార్టులో ఎరుపు లేదంటే భయపడాలని తట్టలేదు. ఏ బజారులోనైనా పొద్దుట కొన్నవాళ్లలో ఒక్కడైనా సాయంత్రానికి లాభం చూసుకుని అమ్ముతాడు. పిల్లాడి ఫీజు ఉంటుంది, ఇంకేదో ఉంటుంది. ఎనిమిది గంటల్లో ఒక్కడూ అమ్మలేదంటే, అమ్మనక్కర్లేక కాదు.

రాత్రి పదిన్నరకు నలభై ఒక్క సెంట్లు. మూడు లక్షల పద్దెనిమిది వేలు. మంచం మీద కూర్చుని మూడుసార్లు గుణించుకున్నాను. సగం అమ్మేసి, పెట్టుబడి చేతిలోకి తెచ్చుకుందామని నొక్కాను. ఫెయిల్. మళ్లీ నొక్కాను. టోకెన్ బదిలీ కుదరలేదని ఏదో ఇంగ్లీషు ముక్క. గ్రూపులో అడిగితే స్లిపేజ్ పెంచమన్నారు. అంటే ధర కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదని ఒప్పుకోవడం. ఒక శాతం నుంచి పన్నెండుకు పెంచాను, పన్నెండు నుంచి నలభై తొమ్మిదికి. ప్రతిసారీ ఫీజు కింద కొద్దిగా పోతోంది, టోకెన్ మాత్రం కదలడం లేదు. మళ్లీ అడుగుదామని గ్రూపు తెరిస్తే మెసేజ్ రాసే చోటే మూసేశారు. అడ్మిన్ మాత్రమే రాయగలడు. "హోల్డ్ చేయండి ఫ్యామిలీ, రేపు పండగ" అని ఉంది.

పదకొండు దాటాక మేనల్లుడికి ఫోన్ చేశాను.

"ఏంటి మామయ్యా ఈ టైంలో? అమ్మమ్మకి బానే ఉందా?"

"అమ్మమ్మకి బానే ఉందిరా. నాకే బాలేదు" అని జరిగింది చెప్పాను.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ అరచేత్తో కొట్టినట్టు ఉంటుంది. "ఆర్బిట్రమ్ టోకెన్ ఆర్బిట్రమ్ చైన్‌లో పుట్టకుండా, బీఎన్‌బీ చైన్‌లో ఎందుకు పుట్టింది మామయ్యా? అయినా రేపు సాయంత్రం దాకా నాకే రాదు. నాకు రానిది నీకు ఎవరు అమ్మారు?"

వీడియో కాల్‌లో వాడి స్క్రీన్ చూపించాడు. చైన్ మీద జరిగేదంతా చూపించే ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో ఆ కాంట్రాక్ట్ కోడ్ తెరిచి, కిందికి జరుపుతూ ఒక చోట ఆగాడు. "ఈ లైన్ చూడు. టోకెన్ వెళ్లేది పూల్‌కి అయితే, అంటే నువ్వు అమ్ముతుంటే, నీ అడ్రస్‌ని ఓనర్ ముందే ఒప్పుకుని ఉండాలి. లేకపోతే లావాదేవీ రద్దు. కొనడానికి మాత్రం ఏ అడ్డూ లేదు." దీన్ని వాళ్ల భాషలో హనీపాట్ అంటారట. మాకైతే ఎలుకబోను అంటే సరిపోతుంది, లోపలికి దారి ఉంటుంది, బయటికి ఉండదు. మొత్తం ఒకటిన్నర లైను. నా నలభై వేలు ఆ ఒకటిన్నర లైనులో ఉన్నాయి.

మరి ధర ఎలా పెరిగింది అన్నాను. వాడు లెక్క చెప్పాడు. పూల్‌లో 10 బీఎన్‌బీలు, పది లక్షల టోకెన్లు ఉన్నాయనుకో. ఎవరో ఇంకో 10 బీఎన్‌బీలు పోసి కొంటే, అందులో టోకెన్లు ఐదు లక్షలకు తగ్గుతాయి. పోసింది రెట్టింపు, ధర మాత్రం నాలుగింతలు. ఇక అమ్మేవాడే లేకపోతే నాలాంటివాళ్లు వచ్చే కొద్దీ ఎక్కుతూనే ఉంటుంది. నాకు కనిపించిన మూడు లక్షల పద్దెనిమిది వేలు ఎక్కడా లేవు. నాది, నాలాంటివాళ్లది కలిపి పోసిన బీఎన్‌బీ మాత్రమే ఉంది, దాని మూత ఒక్కడి చేతిలో ఉంది.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. ఇదంతా నాకు తెలియని విషయం కాదు. 2021లో స్క్విడ్ గేమ్ సిరీస్ పేరు వాడుకుని ఎవరో స్క్విడ్ అనే టోకెన్ వదిలారు. ఆ సిరీస్ వాళ్లకూ దానికీ సంబంధం లేదు. అదీ పాన్‌కేక్‌స్వాప్‌లోనే నడిచింది. కొన్నవాళ్లు అమ్ముకోలేకపోయారు. నవంబర్ 1న 2,800 డాలర్లు దాటి, నిమిషాల్లో సున్నాకి పడిపోయింది. తయారుచేసినవాళ్లు ముప్ఫై లక్షల డాలర్లకు పైగా పట్టుకుపోయారు. ఈ కథ మా కొట్టులో కాటా దగ్గర కూర్చుని హమాలీలకు, షావుకారు గారికి నేనే చెప్పాను. అభినయించి మరీ చెప్పాను. "మనుషులు ఇంత వెర్రివాళ్లా" అని షావుకారు గారంటే, "ఆశండీ" అన్నాను.

పొద్దున ఐదింటికి లేచి చూస్తే ధర దగ్గర సున్నాలే. మూడున్నరకు పూల్ ఖాళీ అయింది. దాదాపు 140 బీఎన్‌బీలు ఒక్క లావాదేవీలో వెళ్లిపోయాయి. ఆ చార్టులో అదే మొదటి ఎర్ర గీత. గ్రూపు అప్పటికే లేదు.

ఆ సాయంత్రం అసలు ఆర్బ్ వచ్చింది. రాత్రికి డాలరున్నర లోపు ఉంది. మేనల్లుడు ఫోన్ చేసి తన లాభం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, మంచివాడు. నేనే అసలు అడ్రస్ చదవమన్నాను, పుస్తకంలో రాసుకుంటానని. వాడు ఆర్బిట్రమ్ వాళ్ల సొంత పేజీ తెరిచి చదివాడు: సున్నా, ఎక్స్, తొమ్మిది, ఒకటి, రెండు, సీ, ఈ, ఐదు, తొమ్మిది... టిక్కీ నంబర్లు రాసే పుస్తకంలో నలభై అక్షరాలూ రాసుకుని, కింద నాది రాశాను. మొదటి అక్షరంలోనే తేడా. పొద్దున్నే పోల్చి ఉంటే అరనిమిషం పని. కానీ దేనితో పోల్చాలో తెలుసుకోవడానికి నేను వెళ్లిన చోటు ఆ గ్రూపే.

1930కి ఫోన్ చేశాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. నంబరు వచ్చింది. బ్యాంకు మోసమైతే డబ్బు వెళ్లిన ఖాతాను ఆపించే వీలుంటుంది. నా దగ్గర ఉన్నదల్లా అక్షరాలు, అంకెలు కలగలిసిన ఒక పొడుగాటి హాష్, అంటే ఆ లావాదేవీ గుర్తు. దాన్ని కాపీ చేసి పెట్టాను.

అప్పటి నుంచీ నన్ను సలహా అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. దెబ్బ తిన్నవాడిని వైద్యుడనుకుంటారేమో. కొంచెం కొని, కొంచెం అమ్మి చూస్తే సరిపోదా అని ఒకాయన అడిగాడు. నేనూ అదే అనుకున్నాను, గుప్పెడు తీసి నలిపి చూడటం లాంటిదే కదా. చాలదట. కొన్ని కాంట్రాక్టుల్లో అమ్మకానికి మీట ఉంటుంది, మొదటి రోజు తెరిచి ఉంచి, జనం చేరాక మూసేస్తారు. రైతు చూపించిన మొదటి టిక్కీని నమ్మి లాటంతా కొన్నట్టు. హోల్డర్ల జాబితా చూడాలి, ఒకే వాలెట్‌లో తొంభై శాతం ఉంటే వెనక్కి తిరగాలి. పూల్‌లో పోసిన సొమ్ము పోసినవాడు లాక్కోకుండా లాక్ అయి ఉందా, ఎన్నాళ్లకు అని చూడాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా అడ్రస్ తప్పయితే ఏదీ పనికిరాదు. ఈ మధ్య నా వాలెట్‌లోకి వాటంతట అవే టోకెన్లు వచ్చి పడుతున్నాయి, పేరులోనే వెబ్‌సైట్ రాసుకుని. వాటిని ముట్టుకోవద్దని, ఆ సైట్‌లోకి వెళ్లి వాలెట్ కలిపితే ఈసారి ఉన్నవి కూడా ఊడుస్తారని మేనల్లుడు ఒట్టు పెట్టించుకున్నాడు.

జులైలో రిటర్న్ వేయడానికి ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాను. నష్టమొచ్చింది, ఎక్కడైనా చూపించుకోవచ్చేమో అని నా ఆశ. ఆయన కళ్లజోడు సర్ది, "బీఎన్‌బీ ఎంతకు కొన్నావ్?" అన్నారు.

"పద్దెనిమిది వేల చొప్పునండీ, 2022 జూన్‌లో."

"ఇచ్చినప్పుడు?"

"ఇరవై ఏడు వేలుంది."

ఆయన కాలిక్యులేటర్ లాక్కున్నారు. ఒక క్రిప్టో ఇచ్చి ఇంకోటి తీసుకోవడం కూడా అమ్మకమేనట. అంటే ఒకటిన్నర బీఎన్‌బీ మీద నాకు పదమూడు వేల ఐదొందలు లాభం. 2022 ఏప్రిల్ నుంచి దాని మీద ముప్ఫై శాతం పన్ను, పైన నాలుగు శాతం సెస్సు. "మరి ఆ ఆర్బ్‌లో పోయిందండీ" అన్నాను. "అది నువ్వు అమ్మలేదుగా" అన్నారు. "అమ్మనివ్వలేదండీ" అన్నాను. "అమ్మినా ఒక క్రిప్టో నష్టాన్ని ఇంకో క్రిప్టో లాభంలో తగ్గించుకోనివ్వరు" అన్నారు.

4,212 రూపాయలు. చలానా కట్టి ఇంటికొచ్చాక మా ఆవిడ ఇదేం రసీదు అని అడిగింది. లాభం మీద పన్ను అని చెప్పాను.