అద్దం లేని పటం

మా నాయన నెల్లూరు చిన్నబజారులో పటాలు కట్టే షాపులో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. షాపు ఆయనది కాదు, చేతులు మాత్రం ఆయనవి. పెంచలకోన నరసింహస్వామి, తల్పగిరి రంగనాథుడు, పెళ్లి ఫోటోలు, ఎలక్షన్లప్పుడు నాయకులు, వీళ్లందరితో పాటు పోయినవాళ్లు. పోయినవాళ్ల పటాలే ఎక్కువ. "మనిషి పోతే అయ్యవారి కంటే ముందు మా షాపునే వెతుక్కుంటా వస్తారు" అనేవాడు.

అద్దం కోసే డైమండును కిరసనాయిల్లో ముంచి స్కేలు పక్కన ఒకే ఒక్క గీత గీసేవాడు. రెండోసారి గీస్తే ముక్క వంకర పోతుంది. గీత కింద అగ్గిపుల్ల పెట్టి రెండు బొటనవేళ్లతో అటూ ఇటూ నొక్కితే టక్కుమని విరిగేది. స్కూలు అయిపోయాక షాపు మెట్ల మీద కూర్చుని ఆ చప్పుడు వింటా ఉండేవాణ్ణి. బీడింగు నాలుగు మూలలూ నలభై ఐదు డిగ్రీలకు కోసి, బిగించి, అద్దం వేసి, ఫోటో పెట్టేముందు ఒక పని చేసేవాడు. అంచుల వెంబడి సన్నటి అట్టపీలికలు అంటించేవాడు. ఎవరూ అడగరు, బయటికి కనపడదు, దానికి పైసా రాదు. "అద్దానికీ ఫోటోకీ నడాన గాలాడాల. లేకపోతే వానాకాలంలో రెండూ ఒకటైపోతాయి" అని చెప్పేవాడు. ఆ మాట పట్టించుకున్నది చాలా ఏళ్ల తర్వాత.

2007లో నేను దుబాయ్ పోయాను. వీసా మీద కార్పెంటర్ అని ఉంది. చెన్నైలో విమానం ఎక్కేదాకా తలుపులు చేసే పనే అనుకున్నా. తీరా పోతే అల్ కూజ్ పారిశ్రామికవాడలో ఒక పెద్ద రేకుల షెడ్డు, లోపల తెల్లటి వెలుతురు, ఆపరేషన్ థియేటర్ మాదిరి శుభ్రం. పెద్ద పెద్ద ఫోటోలు ప్రింటు చేసి, బోర్డులకు ఎక్కించి, ఫ్రేములు కట్టి హోటళ్లకూ విల్లాలకూ గ్యాలరీలకూ పంపే కంపెనీ. జీతం 900 దిర్హాములు, అప్పటి లెక్కన పదివేలకు కాస్త ఎక్కువ. పటాల పని తప్పించుకుని పోదామనుకున్నవాణ్ణి సముద్రం దాటించి మళ్లీ పటాల షెడ్డులోనే పడేశారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మొదటి రోజు నేను వెతికింది అద్దాల కట్ట. యాడా లేదు. మా మేస్త్రీ త్రిశ్శూరు మనిషి, అందరం చేట్టా అని పిలిచేవాళ్లం (మలయాళంలో చేట్టన్ అంటే అన్న). ఆయన్ని హిందీలో అడిగితే, "ఇక్కడ నూటికి తొంభై పటాలకు అద్దం ఉండదు" అన్నాడు. ఆ వారం నాయనకు ఫోన్ చేసి చెప్పా. "అద్దం లేకుండా పటమేందిరా? దాన్ని అట్టముక్క అంటారు" అన్నాడు.

నాకూ అట్నే అనిపించింది, బరువు మోసేదాకా. నాలుగడుగులకు ఆరడుగుల ఫోటో అనుకోండి. అద్దం ఒక్కో మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. అంత పెద్ద పటానికి 4 ఎంఎం అద్దమైనా లేకపోతే వణికిపోతుంది. అంటే ఫ్రేము కాక ఇరవై రెండు కిలోలు. అది హోటల్ వరండాలో జనం నెత్తి మీద వేలాడాల. అదే ఫోటోని 3 ఎంఎం ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీటుకు అంటిస్తే తొమ్మిది కిలోలు దాటదు, కిందపడినా పగలదు. ఇంకొకటి మెరుపు. ఒకసారి ఒక హోటల్ లాబీలో పటాలు తగిలించడానికి పోయాం. కింద నల్లటి గ్రానైట్, అందులో వెండి చుక్కలు. నాతో వచ్చిన ఒంగోలు కుర్రాడు బూటుతో తట్టి, "అన్నా, ఇది మా చీమకుర్తి గెలాక్సీ" అన్నాడు, సొంత పొలంలో నిలబడినట్టు. ఆ రాయి మీద పడిన దీపాలన్నీ ఎదురుగోడ మీదికి తిరిగి కొడతా ఉండాయి. ఆ గోడకు అద్దం పటం పెడితే మనిషికి బొమ్మ కనపడదు, తన ముఖం కనపడుతుంది.

ఏసీపీ అంటే మనకు కొత్త కాదు. నెల్లూరు ట్రంకు రోడ్డులో షాపుల ముఖాలకు కొట్టే షీటే. రెండు పల్చటి అల్యూమినియం రేకులు, నడాన ప్లాస్టిక్. రెండు పక్కలా ఒకే రేకు కాబట్టి ఎటూ వంగదు. చెక్కపీచును జిగురుతో ఒత్తి చేసే ఎండీఎఫ్ చెక్కకు ఒకపక్కే అంటిస్తే తేమకు విల్లు మాదిరి వంగుతుంది, వెనక కూడా ఏదో ఒకటి అంటించాల్సిందే. ఫోమ్ బోర్డు తేలిక, చవక, కానీ నిగనిగలాడే ఫోటో కింద దాని గరుకు నారింజ తొక్క మాదిరి పైకి తేలుతుంది. మూల తగిలితే చాలు, సొట్ట.

పనిలో అసలు శత్రువు దుమ్ము. ఎడారి ఊళ్లో దుమ్ము లేకుండా పనిచేయడమంటే ఎట్టా ఉంటుందో ఊహించుకోండి. ఇసుకగాలి లేచిన రోజు మౌంటింగ్, అంటే ఫోటోని షీటుకు ఎక్కించే పని, బంద్. మిగతా రోజుల్లో నేల తడిగుడ్డతో తుడిచి, గాలిలో సన్నగా నీళ్లు చల్లి, ఎగిరేదంతా కిందికి దిగాక మొదలుపెట్టేవాళ్లం. ప్రింటు కూడా ఇంకు పూర్తిగా ఆరేదాకా ఒక రోజన్నా పక్కన పడుకోవాల. తొందరపడి పైన ఫిల్ము వేస్తే లోపలి ఆవిరి పోయే దారి లేక తర్వాత పొర లేస్తుంది. ముందు ఫోటో ముఖం మీద లామినేషన్ ఫిల్ము, తర్వాత వెనక జిగురు ఫిల్ము, అప్పుడు షీటు. జిగురు మీది కాగితం మొత్తం ఒకేసారి లాగకూడదు. రెండంగుళాలు లాగి, అంచు సరిచూసి అంటించి, రోలర్ మిషన్లోకి పంపిస్తా ఉంటే మిగతా కాగితం దానంతటదే ఊడి వస్తా ఉండాల. ఒక్కసారి కరిచిందంటే ఇక వదలదు. ఇసుకరేణువు ఒకటి కింద ఇరుక్కుంటే ఎదురుగా చూస్తే కనపడదు. చేట్టన్ వచ్చి లైట్లు తీసేసి టార్చి పక్కనుంచి పట్టేవాడు. అప్పుడు మొటిమ మాదిరి నీడతో సహా లేస్తుంది. దాంతో ఆరోజు సగం కూలి కోత. చేతి గ్లౌజు లేకుండా ఫోటో ముఖం తాకినా కోతే.

నా మొదటి తప్పు మాత్రం దుమ్ము వల్ల కాదు. ఏసీపీ షీటు మీద గీతలు పడకుండా ఒక పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని పీకి అంటించాలని నాకెవరూ చెప్పలా. నేనూ అడగలా. పొర మీదే అంటించేశా. అద్దంలాగా వచ్చింది, చేట్టన్ కూడా శభాష్ అన్నాడు. ఐదు నెలలకు ఆ విల్లాలో ఏసీ ఆగిన రోజున ఫోటో పొరతో సహా పైనుంచి చుట్టుకుంటా కిందికి దిగిందట. ఆ నెల నేను ఇంటికి పంపింది సగమే. ఏమైందంటే నాయనకు నిజం చెప్పలా. ఓవర్‌టైమ్ లేదన్నా.

ఆ ఫోటోలో ఏముందో ఇప్పటికీ గుర్తుంది. దుబాయ్ రాస్ అల్ ఖోర్ మడుగులో రాజహంసలు, వెనక ఎత్తైన మేడలు. మా షెడ్డులో ప్రింట్లు తీసే ఫిలిప్పీన్స్ అతను వాటిని చూపించి ఏదో గొప్పగా చెబుతా ఉంటే, "ఇవి మా పులికాట్ పిట్టలు, సూళ్లూరుపేట పోతే బస్సులోంచే చూడొచ్చు" అన్నా. సూళ్లూరుపేట అప్పుడు మా జిల్లాలోనే ఉండేది. 2022లో తిరుపతి జిల్లాకు పోయింది. పిట్టలు మాత్రం ఏటా చలికాలం వస్తానే ఉండాయి.

మూల సొట్టపోయిన ప్రింట్లను పారేయమనేవాళ్లు. మేము పారేసేవాళ్లం కాదు, మేముండే సోనాపూర్ కూలీల క్యాంపుకు మోసుకుపోయేవాళ్లం. ఆరుగురం ఉండే గదిలో రెండంతస్తుల ఇనప మంచాలు, కిటికీ ఒకటే, దాని అవతల ఇంకో క్యాంపు గోడ. ఆ గదికి మంచు కొండలు, ఎవరో తెల్లాయన తీసిన పారిస్ వాన, ఆరడుగుల గుర్రం తల. కరెంటు పోయిన జూలై రాత్రుల్లో మంచు కొండ పక్క మంచం కోసం పోట్లాడుకునేవాళ్లం. సొంతవాళ్ల ఫోటోలు మాత్రం పోస్టుకార్డు సైజు. తలగడ పక్కన గోడకు టేపుతో అంటించుకునేవి. వాటికీ అద్దం లేదు.

2012లో నాయన పోయాడు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో, తాళం మేనేజరు దగ్గర, మేనేజరు లీవులో. నేను ఇంటికి చేరింది పదకొండో రోజు ఉదయం. నాయన పటం అప్పటికే వరండాలో కుర్చీ మీద ఉంది, దండతో. ఆయన షాపులోనే కట్టించారు. కొత్తగా చేరిన పిల్లోడు తొందర తొందరగా కట్టిచ్చాడంట. నమస్కారం పెట్టుకోవడానికి వంగినప్పుడు నా కన్ను అంచు మీదికి పోయింది. అట్టపీలికలు లేవు. ఫోటో అద్దానికి ఆనుకుని ఉంది. ఇరవై ఆరేళ్లు ఊరందరి ఫోటోలకూ గాలాడే చోటు పెట్టిన మనిషికి తన పటంలో ఆ చోటు లేదు. విప్పి సరిచేయడానికి నాకు పావుగంట పని. ఆరోజు ఇంటినిండా చుట్టాలు. తర్వాత చేద్దామనుకున్నా. తొమ్మిది రోజులకు తిరిగి విమానం ఎక్కా. తర్వాత వచ్చిన సెలవుల్లోనూ చేయలా.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చింది. మా ఇల్లు ఏటిగట్టు దగ్గరలోని పల్లపు వీధిలో ఉంటుంది. రెండు రోజులు మోకాళ్లలోతు నీళ్లు. పటం నీళ్లలో మునగలా, గోడ నానింది. చెమ్మ గోడంట పైకి పాకింది. ఆ మరుసటి ఏడాది సెలవుకు పోయి చూస్తే నాయన ఎడమ చెంప, మెడ, చొక్కా జేబు అద్దానికి అంటుకుపోయి ముదురు రంగులో ఉండాయి, మిగతా ముఖం పాలిపోయి ఉంది. ఫోటో కాగితం పైపూత జెలటిన్. చెమ్మకు ఉబ్బి బంకవుతుంది, ఆరితే అద్దాన్ని పట్టేస్తుంది. లాగితే ముఖం అద్దం మీద ఉండిపోతుంది, కాగితం చేతికొస్తుంది. మా అమ్మ అప్పటికే ఒక మూల లాగి చూసిందట. అదృష్టం, అది చొక్కా అంచు. నెగెటివ్ ఎప్పుడో పోయింది, స్టూడియో కూడా.

నేను లాగలా. అద్దంతో పాటే అట్నే ఉంచి, బయటివైపు పదేళ్ల కుంకుమా దీపం మసీ తుడిచి, చీకటి గదిలో అటొకటి ఇటొకటి లైట్లు ఏటవాలుగా పెట్టి కెమెరాతో తీశా. దుబాయ్‌లో ఆ ఫిలిప్పీన్స్ మిత్రుడే ఆరు రాత్రులు కూర్చుని చెంప రంగునూ పాలిపోయిన ముఖాన్నీ కలిపాడు. డబ్బు తీసుకోలా. ముప్పైకి నలభై అంగుళాల ప్రింటు తీసి, ట్యూబులో చుట్టి, ఫిల్ములు రెండు రకాలూ పెట్టుకుని 2023లో నెల్లూరు వచ్చా. షీటు ఇక్కడే దొరికింది. రోలర్ మిషను ఉన్నది ఫ్లెక్సీ షాపులో. అక్కడి కుర్రాడు చూసి, "అన్నా, ఇంత తిప్పలెందుకు, ఫ్లెక్సీ కొట్టిస్తే రెండొందల్లో అయిపోద్ది గదా" అన్నాడు. నేల తడిగుడ్డతో తుడవమంటే నన్ను వింతగా చూశాడు. పొర పీకావా అని నాకు నేనే మూడుసార్లు చెప్పుకున్నా.

ఫ్రేము టేకుతో నేనే కట్టా. అంచుకూ ఫోటోకూ నడాన చుట్టూరా చిటికెనవేలు మందం ఖాళీ వదిలా, బొమ్మ గోడకు తాకకుండా గాల్లో నిలిచినట్టుంటుంది. నాయన అడిగిన గాలి అది, కాస్త ఆలస్యంగా.

గోడకెక్కించాక మా అమ్మ చాలాసేపు చూసింది. "బాగుండాడు" అంది. తర్వాత కుంకుమ భరిణె తెచ్చుకుని పటం దగ్గరికి పోయి ఆగింది.

"అద్దమేదిరా?"

"లేదమ్మా. ఇట్నే ఉంటుంది."

"మరి బొట్టు యాడ పెట్టాల?"

పదహారేళ్లు ఈ పని చేశా. వేలిముద్ర, ఎండ, చెమ్మ, సూట్‌కేసు తగిలే మూల, అన్నీ లెక్కేసినవాణ్ణి. ఇది తట్టలేదు. హోటల్ వరండాల్లో ఎవరూ రాజహంసలకు బొట్టు పెట్టరు. గంధపుచెక్కల దండ సంగతి ముందే ఆలోచించా. ఫ్యాను గాలికి ఊగి ఫిల్ము మీద గీతలు గీస్తుందని ఫ్రేము పక్కలకు రెండు కొక్కేలు కొట్టి, దండ అంచు వెంబడి పడేట్టు చేశా. బొట్టుకు మాత్రం దారి లేదు. స్టిక్కరు పెట్టమ్మా అంటే, "మీ నాయనకు స్టిక్కరా?" అంది. ఫిల్ము ఉంది కాబట్టి ఫోటోకేం కాదు, పెట్టు, మెత్తటి గుడ్డతో తుడువు, తడిగుడ్డ వద్దని చెప్పి వచ్చేశా.

మొన్న వీడియో కాల్‌లో చూపించింది. నుదుటి మీద గులాబీ రంగు మచ్చ, గుండ్రంగా, రూపాయి బిళ్లంత. కుంకుమలోని రంగు ఫిల్ములోకి దిగింది. మెరుపు లేని మ్యాట్ ఫిల్ము మీద రంగు ఇంకా తొందరగా పడుతుంది. మ్యాట్ వేసింది నేనే, దీపం వెలుగు కొట్టకూడదని.

"అది ఇంక పోదమ్మా. ఫిల్ము ఊడదీస్తే బొమ్మ కూడా లేస్తుంది. ఈసారి వచ్చేటప్పుడు కొత్త ప్రింటు తెస్తాలే."

"ఎందుకురా దండగ? పొద్దన్నే లేచి పెట్టే పని లేదు, ఆయనదాయనే పెట్టుకోని ఉండాడు" అని ఫోను పొయ్యి దగ్గరికి తీసకపోయి, చేపల పులుసు చూపించింది.