లావెండరా, హైపోనా? పాముపిల్ల రంగు తేల్చుకున్న విధం

డాలస్‌లో మా ఇంట్లో ఒక కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ జంట ఉంది. రెండూ నలుపు మీద తెల్ల పట్టీలవే. వీడియో కాల్‌లో చూసినప్పుడల్లా అమ్మ "అది కట్లపామేరా" అంటుంది. విషం లేదంటే నమ్మదు.

ఈసారి పిల్లల్లో చాలావరకు పెద్దవాటిలాగే వచ్చాయి. ఒకదానికి మాత్రం నలుపు ఉండాల్సిన చోట బూడిద కలిసిన ఊదా రంగు. ఇంకోదానికి పట్టీలు తెగిపోయి వెన్ను మీద గీతలా సాగాయి.

ఊదా రంగుదాన్ని వెంటనే లావెండర్ (నలుపు బదులు ఊదా బూడిద రంగు, కెంపు కళ్ళు ఉండే రకం) అనో, హైపో (నలుపు తగ్గిన రకం) అనో తేల్చెయ్యలేదు. పుట్టిన వారం పది రోజులకు మొదటి కుబుసం విడుస్తాయి. దానికి ముందు కళ్ళు మసకబారి, ఒళ్ళంతా వెలిసిపోయినట్టు ఉంటుంది. అసలు రంగు ఆ తర్వాతే తెలుస్తుంది. అందాకా ఒక్కోదాన్నీ ఒక్కో డబ్బాలో ఉంచాను. ఇవి తోటి పాముల్ని కూడా మింగేసే రకం, తోబుట్టువులని చూడవు.

కుబుసం విడిచాక కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూశాను. ఇంట్లో పసుపు లైట్ల కింద ఏ రంగూ నమ్మలేం. అసలు ఆధారం ఒంటి రంగు కన్నా కన్ను. నల్ల వర్ణకం అసలు లేని ఆల్బినోకు కళ్ళు గులాబీ ఎరుపు. నలుపు తగ్గి గోధుమ రంగుకు తిరిగిన హైపోకు కళ్ళు మామూలుగా నల్లగానే ఉంటాయి. మా పిల్ల కళ్ళు దూరానికి నల్లగా కనిపించినా, పక్క నుంచి వెలుతురు పడితే కెంపు రంగు తేలింది. అంటే లావెండర్ కావచ్చు.

నిర్ధారణ కోసం జంటను అమ్మినవాళ్ళను పాత రికార్డులు అడిగాను. మగదాని తల్లీ, ఆడదాని తల్లీ రెండూ లావెండర్లే. ఇది రిసెసివ్ గుణం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ అందితేనే బయటపడేది కాబట్టి మా రెండింటిలోనూ ఆ జన్యువు ఒక్కో కాపీ దాగి ఉన్నట్టే. ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు అవకాశం. దాంతో టెన్షన్ తీరింది.

గీతలది మాత్రం తేలలేదు. శాన్ డియేగో ప్రాంతంలో గీతల రకం అడవిలోనే ఉంది. ఒకప్పుడు దాన్ని వేరే జాతి అనుకునేవారు. ఒకే తల్లి గుడ్లలోంచి పట్టీలవీ గీతలవీ రెండూ వస్తాయని పాముల మీద పరిశోధన చేసిన లారెన్స్ క్లాబర్ చూపించాడు. అయితే పొదిగేటప్పుడు వేడి అటూ ఇటూ అయినా పట్టీలు చెదురుతాయి, అది పిల్లలకు దిగదు. పెంచి, జత కట్టిస్తే గానీ తెలియదు. దానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఈలోగా కొంటామని ఒకరు అడిగితే మామూలు పాము ధరే చెప్పాను.