గండికోట రాళ్ళ మీద నిట్ షూ

నిట్ స్నీకర్లు, అంటే పైభాగం నూలుతో అల్లిన షూలు, బాగున్నాయో లేదో షాపులో నిలబడి చెప్పకూడదు. అక్కడి టైల్స్ మీద నాలుగడుగులు వేస్తే ఏ షూ అయినా మెత్తగానే ఉంటుంది. మన సీమ నేల వేరు. ఎర్రమట్టి, నాపరాయి, తుమ్మముళ్ళు, పల్లేరుకాయలు, మధ్యాహ్నానికి పెనంలా కాలే గుడి బండలు. ఇవన్నీ ఒకే దారిలో తగలాలని ఈ చలికాలం జమ్మలమడుగు, గండికోట, బెలుం గుహలు, తాడిపత్రి చుట్టి వచ్చాను. కాళ్ళకు వేరే జత తీసుకెళ్ళలేదు.

షూ బూడిద రంగుది, సోల్ నలుపు. పాదానికి సాక్సులా పట్టుకుంటుంది, ప్యాంటు కింద సన్నగా కనిపిస్తుంది. జీన్స్‌కైనా ఆఫీసు ప్యాంటుకైనా నప్పుతుంది. అందం గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు. ఒక్క మాట మాత్రం ఉంది: తెల్లరంగు నిట్ షూ మన ఊళ్ళకు పనికిరాదు. ఎర్రమట్టి రంగంతా ఇనుప తుప్పుది. అది పోగుల్లోకి దిగితే బ్లీచింగ్‌తో కూడా పోదు. పైగా బ్లీచింగ్ తగిలిన తెలుపు పసుపెక్కుతుంది.

జమ్మలమడుగులో మా బావ ఇంట్లో దిగాను. వాళ్ళది మగ్గం ఇల్లు. నేను గడప దగ్గర షూ విప్పగానే బావ ఒకటి చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి, రెండు బొటనవేళ్ళతో సాగదీసి చూశాడు.

"ఇది నేత గాదు బామ్మర్దీ, అల్లిక. నేతలో నిలువు పోగు పడుగు వేరే, అడ్డం పోగు పేక వేరే. ఒక పోగు తెగినా పక్క పోగు నిలబడ్తాది. దీంట్లో ఒకే పోగు ఉచ్చులు ఉచ్చులుగా పోతాది. అందుకే ఇంత సాగేది. యాడన్నా ముల్లు పట్టుకుంటే వరసంతా ముడుచుకుంటాది, చూస్కో."

ఆ షూ తయారీ గురించి నేను చదివిందంతా ఆయన వేలికొసల్లోనే ఉంది. 2012లో నైకీ ఫ్లైనిట్, అదే ఏడాది అడిడాస్ ప్రైమ్‌నిట్ వచ్చాక ఈ రకం బూట్లు ఊరూరికీ చేరాయి. అంతకుముందు బట్ట, రెగ్జిన్, తోలు ముక్కలుగా కత్తిరించి కుట్టేవాళ్ళు. దీంట్లో అల్లిక యంత్రం పైభాగాన్ని దాదాపు ఒకే ముక్కగా అల్లేస్తుంది. వేళ్ళ దగ్గర సందులు ఎక్కువ పెట్టి, మడమ దగ్గర బిగించి అల్లగలదు. కత్తిరింపు వృథా తగ్గుతుంది, కుట్లు తగ్గుతాయి. కుట్టు లేని చోట ఒరుసుకోవడం, బొబ్బలు లేవడం తగ్గుతాయి. నూలు మాత్రం ఎక్కువగా పాలిస్టరే.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం గండికోటకు బయల్దేరాం. బావ కాళ్ళకు పాత తోలు బూట్లు. కోట లోపల మాధవరాయ స్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం తిరిగినంతసేపూ నా కాళ్ళు నాకు గుర్తే రాలేదు. బరువు లేదు, ఉక్క లేదు. ఎండ పైకొచ్చాక బావ బూట్లు విప్పి సాక్సులు పిండుకునే స్థితిలో ఉంటే నా పాదాలకు మాత్రం గాలి తగులుతూనే ఉంది. సౌఖ్యం విషయంలో ఈ షూకు నేను వంకపెట్టను.

పెన్న లోయ అంచుకు చేరాక కథ మారింది. అక్కడ దారి ఉండదు. పలకలు పలకలుగా విరిగిన ఎర్రరాళ్ళు అటూ ఇటూ వాలి ఉంటాయి, ఒకదాని మీంచి ఒకదాని మీదికి అడుగు వేయాలి. వాలుగా ఉన్న రాయి మీద కాలు పెట్టిన ప్రతిసారీ సోల్ రాయిని పట్టుకునే ఉంది, కానీ లోపల నా పాదం పక్కకు జారింది. సాగే గుణం నడకలో సుఖం ఇస్తుంది, వాలు మీద ఆ గుణమే పట్టు వదిలేస్తుంది. పాదాన్ని పక్కనుంచి ఆపే గట్టి గోడ ఆ అల్లికలో లేదు. చీలమండ మడతపడితే లోయ అంచున ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నేను రెండు రాళ్ళ ముందే ఆగి, అక్కడ కూర్చునే పెన్నను చూశాను. ఎర్రటి గోడల మధ్య ఆకుపచ్చ నీళ్ళు. అంచు దాకా వెళ్ళి చూసినవాళ్ళకన్నా నాకేమీ తక్కువ కనిపించలేదు. ఈ షూతో అక్కడికి వెళ్ళేవాళ్ళు కూడా అలాగే వెనకే ఆగాలని గట్టిగా చెబుతాను.

తిరిగి వస్తూ కంపల పక్కన నడిచాం. ఉత్తరేణి గింజలు తోలు బూటుకు అంటవు, నా షూకు మాత్రం వరసలుగా అతుక్కున్నాయి. ఒక్కొక్కటీ గోరుతో తీస్తుంటే చిటికెనవేలి పక్కన తుమ్మముల్లు ఒక పోగును పట్టి బయటికి లాగేసి కనిపించింది. అగ్గిపుల్లంత ఉచ్చు, దాని రెండు పక్కలా ముడతపడిన గీత. బావ చెప్పింది చెప్పినట్టే జరిగింది. పక్కనున్న కుర్రాడెవరో కీచైన్‌కున్న చిన్న కత్తెర తీశాడు.

"కత్తిరించగాకు నాయనా!" అని బావ ఒక్క అరుపు అరిచాడు. "తెగిందంటే కొస దొరకదు. ఉచ్చు మీద ఉచ్చు ఇడిపోతాది."

ఆయన జేబులోంచి పిన్నీసు తీసి, షూ లోపలికి చెయ్యి పెట్టి, పక్క ఉచ్చుల్ని ఒక్కొక్కటే కొంచెం కొంచెం సర్దాడు. ముడత విప్పుకుంటూ పొడుగు పోగును రెండు వైపులకూ పంచాడు. మిగిలిన కాస్తంతను పిన్నీసు కొక్కెంతో లోపలికి లాగేశాడు. ఇప్పుడు వెతికితే తప్ప ఆ చోటు తెలియదు. ముల్లు గుచ్చుకున్న చోట ఇంతకన్నా మంచి వైద్యం లేదు, జిగురు పూస్తే ఆ భాగం గట్టిపడి వేలికి ఒరుసుకుంటుంది.

బెలుం గుహల్లో ఈ షూ నిజంగా రాణించింది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాసిపెట్టిన గుహలివి. 1982, 83లో జర్మన్ గుహాన్వేషకుడు డానియల్ గెబావర్ బృందం లోపల కొలతలు తీసింది, 2002లో జనానికి తెరిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, చూడనిచ్చేది అందులో కొంత. బావిలాంటి మొగలోంచి మెట్లు దిగగానే ఉక్క మొహానికి కొడుతుంది. గొట్టాల్లోంచి గాలి పంపుతున్నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. అంత ఉక్కలోనూ పాదాలు చెమ్మగిల్లినా నానిపోలేదు. చదునుగా చేసిన దారి కాబట్టి పక్కకు జారే బెడద లేదు. గుహ లోతున ఉన్న నీటిపాయ పాతాళగంగకు దిగే తడి మెట్ల దగ్గర మాత్రం సోల్ గురించి తెలిసింది. నా షూకు మడమ కింద, వేళ్ళ కింద రబ్బరు ముక్కలున్నాయి, మధ్యలో వట్టి ఫోమే. రబ్బరు పడిన చోట పట్టు, ఫోమ్ పడిన చోట జారుడు. కొనేటప్పుడు అడుగుభాగాన్ని గోటితో నొక్కి చూడండి. గోరు గుర్తు పడితే ఫోమ్. అది తడి రాయి మీద నమ్మదగింది కాదు, తారురోడ్డు మీద తొందరగా అరుగుతుంది కూడా.

కొలిమిగుండ్ల నుంచి తాడిపత్రి దాకా రోడ్డు పొడుగునా నాపరాళ్ళ పాలిష్ యూనిట్లు, సిమెంటు లారీలు. టీ తాగడానికి దిగినప్పుడల్లా తెల్లటి పొడి షూ సందుల్లోంచి లోపలికి చేరింది. గాలి వచ్చే దారే దుమ్ముకీ దారి. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, చింతల వెంకటరమణుడి గుడి దగ్గర లేసులు విప్పకుండానే కాలు బయటికి తీయగలిగాను. గుడి గుడికీ చెప్పులు విడిచే యాత్రల్లో అది చిన్న సుఖం కాదు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గోపురాలు పూర్తికాకుండా మొండిగా నిలిచి ఉంటాయి. ఆ రాతి మీది చెక్కడం చూస్తే ఎంతసేపైనా తనివి తీరదు. అంతసేపూ షూ ఎండలో ఉండకూడదని నీడపట్టున పెట్టాను. కాలిన బండ మీద వదిలేస్తే సోల్ జిగురు సడలుతుంది.

ఇంటికొచ్చాక వెంటనే నీళ్ళలో ముంచలేదు. దుమ్మున్న నిట్ షూను తడిపితే పొడి బురదై పోగుల్లో కూర్చుంటుంది. ముందు రెండింటి అడుగులనూ ఒకదానికొకటి తట్టి, లోపలి అట్ట, లేసులు తీసి, పొడి బ్రష్‌తో అల్లిక వరస వెంబడి దులిపాను. తర్వాత చల్లనీళ్ళలో కాస్త లిక్విడ్ సబ్బు, మెత్తటి పళ్ళ బ్రష్. గట్టిగా తోమితే నూగు లేస్తుంది. ఎక్కువసేపు నానబెట్టలేదు, వాషింగ్ మెషీన్ జోలికి పోలేదు. లోపల పాత పేపర్లు కుక్కి, తడిసినవి మారుస్తూ ఫ్యాన్ కింద ఆరబెట్టాను. బూడిద రంగు మళ్ళీ బూడిద రంగైంది. లోపల మడమ దగ్గర మాత్రం అస్తరు నలిగి పలచబడింది. లోపల చిక్కుకున్న సన్నటి ఇసుక చేసిన పని అది. నా అంచనాలో ఈ జత మొదట పాడయ్యేది అక్కడే, సోల్ అరగక ముందే.

తర్వాత బావ తనకూ ఒక జత కావాలన్నాడు, పొద్దున రోడ్డు మీద నడకకు. ప్రొద్దుటూరులో సాయంత్రం పూట షాపుకు వెళ్ళాం. రోజంతా నడిచిన కాలు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది, సైజు సరిగ్గా తెలుస్తుంది. ఆయన ప్రతి షూలోనూ చెయ్యి పెట్టి లైటుకు పట్టాడు. వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపించినవన్నీ పక్కన పెట్టేశాడు. మడమను బొటనవేలితో నొక్కి, మెత్తగా లోపలికి పోయినవి వద్దన్నాడు. చివరికి దగ్గరగా అల్లిన ముదురు గోధుమరంగు జత, అడుగంతా రబ్బరున్నది, వేళ్ళ ముందు బొటనవేలంత ఖాళీ ఉన్న సైజు తీసుకున్నాడు. షాపువాడు తెల్లది చూపించి, "ఇది మీకు బాగుంటాది సార్" అన్నాడు.

"బాగుంటాది ప్పా, మా ఊరి మట్టికి గాదు" అని బావ డబ్బులు లెక్కపెట్టాడు.