ఇనుము కిందికి, బ్యాటరీ పైకి

మా సోంపేట, పలాస, టెక్కలి వైపు నుంచి వెల్డింగుకీ, ఫిట్టింగుకీ, ఎలక్ట్రికల్ పనికీ గల్ఫ్ వెళ్లే కుర్రాళ్లు చాలామంది. మేస్త్రి ఇచ్చిన స్క్రూడ్రైవరో, చేతికి అలవాటైన కటింగ్ ప్లేయరో వెంట తీసుకెళ్తారు. అలాంటి పనిముట్టు విమానాశ్రయంలో సెక్యూరిటీ చెక్ దగ్గర లాగేసుకుని డబ్బాలో పడేశారని వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది. కొత్తది కొనొచ్చు, కానీ పిడి చేతికి కుదరాలంటే ఏళ్లు పడుతుంది కదా. అందుకే ఇది రాస్తున్నాను.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ఇనుము కిందికి, బ్యాటరీ పైకి. కోసేవి, పొడిచేవి, తిప్పేవి, కొట్టేవి అన్నీ చెకిన్ లగేజీలో, అంటే కౌంటర్ దగ్గర ఇచ్చేసే బ్యాగులో పెట్టాలి. పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు మాత్రం మీతో పాటు చేతి బ్యాగులోనే ఉండాలి. బ్యాటరీ వేడెక్కి పొగ వస్తే సీట్ల దగ్గరైతే సిబ్బంది చూసి ఆర్పుతారు, కింద సామాన్ల గదిలో అయితే చూసేవాళ్లుండరు. ఇక చేతిలో ఇనుము ఎందుకు వద్దంటారో 2001 సెప్టెంబర్ 11 తర్వాత ఎవరికీ చెప్పక్కర్లేదు.

యూట్యూబ్ వీడియోలు చూసి మోసపోకండి. అమెరికాలో 7 అంగుళాల లోపు స్క్రూడ్రైవర్, ప్లేయర్ లాంటివి చేతి బ్యాగులో వదులుతారు, యూరప్‌లో పనిముట్టు కొన 6 సెంటీమీటర్లు దాటకూడదనే లెక్క ఉంది, ఆ వీడియోలు చేసేవాళ్లు చెప్పేది వాళ్ల దేశం సంగతి. మన దగ్గర రూల్ పెట్టేది బీసీఏఎస్ అనే కేంద్ర విమాన భద్రతా సంస్థ, విశాఖలో తనిఖీ చేసేది సీఐఎస్ఎఫ్ అనే కేంద్ర భద్రతా దళం, ఇక్కడ స్క్రూడ్రైవర్, ప్లేయర్, స్పానర్, సుత్తి ఏదీ క్యాబిన్‌లోకి కుదరదు, పొట్టిదైనా సరే. అమెరికాలో కూడా చాకు ఒప్పుకోరు. 2013 మార్చిలో చిన్న చాకుల్ని అనుమతిస్తామని ప్రకటించి, విమాన సిబ్బంది గట్టిగా ఎదురుతిరగడంతో జూన్‌లో వెనక్కి తీసుకున్నారు. కాబట్టి చాకు ఉన్న మల్టీటూల్, పర్సులో పెట్టుకునే కార్డు చాకు, తాళాల గుత్తికి వేలాడే బుల్లి చాకు, అన్నీ కిందికే.

కార్డ్‌లెస్ డ్రిల్లు దగ్గరే ఎక్కువమంది తికమక పడతారు. మిషన్ కిందికి, దాని బ్యాటరీ ఊడదీసి చేతి బ్యాగులోకి. బ్యాటరీకి పరిమితి 100 వాట్ అవర్లు. లెక్క తేలికే, వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణించండి. 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్లది 90 అవుతుంది, వెళ్తుంది. అదే 6 అయితే 108, దానికి ఎయిర్‌లైన్ అనుమతి ముందే తీసుకోవాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74 వాట్ అవర్లు కాబట్టి ఫర్వాలేదు. బ్యాటరీ కొనలకు ఇన్సులేషన్ టేపు చుట్టండి, తాళాలో చిల్లరో తగిలి షార్ట్ అవకుండా. తుప్పు వదిలించే స్ప్రే, లైటర్, గ్యాస్ టార్చ్ మాత్రం పైకీ కాదు, కిందికీ కాదు, అక్కడికెళ్లాక కొనుక్కోండి.

సర్దేటప్పుడు పదునున్న వాటికి పాత జీన్స్ గుడ్డ చుట్టి టేపు వేయండి. బ్యాగు తెరిచి చూసే మనిషి చేయి తెగకూడదు, అది మన బాధ్యత. పనిముట్లన్నీ ఒకే సంచిలో వేసి బట్టల మీద పెడితే, తెరిచినా వెంటనే కనబడతాయి, మిగతాదంతా చిందరవందర చెయ్యరు. ఆ సంచిని ముందే తూచుకోండి, ఇనుముకి బరువు ఎక్కువ, దేశీయ విమానాల్లో సాధారణంగా 15 కిలోలే.

చెకిన్ బ్యాగు లేని చౌక టికెట్ అయితే బ్యాగును ముందే ఆన్‌లైన్‌లో కొనండి, కౌంటర్ దగ్గర కొంటే సాధారణంగా ఎక్కువ పడుతుంది. లోపలికి వెళ్లాక చేతి బ్యాగులో పనిముట్టు దొరికితే చాలా కష్టం, కౌంటర్ చాలావరకు గంట ముందే మూసేస్తారు, బయటికి రావడం కూడా అంత తేలిక కాదు. మన దగ్గర సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వస్తారు కదా, గేటు దగ్గరే ఒకసారి ప్యాంటు జేబులు, పర్సు, తాళాల గుత్తి, బ్యాగు చిన్న అరలు చూసుకుని, మిగిలిపోయినవి నాన్న చేతికో తమ్ముడి చేతికో ఇచ్చేసి లోపలికి వెళ్లండి.